బోస్టన్ తప్పు సీనియర్లను వదులుకోవడంలో లేదు

2025 జూన్‌లో బ్రాడ్ మార్చండ్, ఐస్ హాకీ లీగ్ ఎన్‌హెచ్‌ఎల్ విజేతకిచ్చే స్టాన్లీ కప్ ఎత్తినప్పుడు అతని ఒంటి మీద ఉన్నది ఫ్లోరిడా పాంథర్స్ జెర్సీ. ఆ మార్చి దాకా అతను బోస్టన్ బ్రూయిన్స్ కెప్టెన్. ఫైనల్లోనే ఆరు గోల్స్ కొట్టాడు. అలాంటివాడిని ఒక డ్రాఫ్ట్ పిక్ (కొత్త కుర్రాళ్లలో ఒకరిని ఎంచుకునే వంతు) కోసం ఇచ్చేశారంటే బోస్టన్ అభిమానులకు కడుపు మండదా? నాకూ మనసు చివుక్కుమంది. అయినా ఆ నిర్ణయం సరైనదే అంటాను. ఆ ఏడాది బోస్టన్ ప్లేఆఫ్స్‌కే చేరలేదు. 37 ఏళ్ల మార్చండ్‌కు ఫ్లోరిడా తర్వాత ఆరేళ్ల కాంట్రాక్ట్ ఇచ్చింది. పడిపోతున్న జట్టు మోయగలిగే బరువు కాదది.

బోస్టన్ అసలు తప్పు, సీనియర్లను అప్పు మీద ఆడించడం. ఎన్‌హెచ్‌ఎల్‌లో జట్టు జీతాలకు శాలరీ క్యాప్, అంటే గరిష్ట పరిమితి ఉంది. 35 దాటిన ఆటగాడితో ఏడాదికే కాంట్రాక్ట్ రాసుకుంటే, జీతంలో చాలా భాగం బోనస్‌గా చూపించొచ్చు. ఆ బోనస్‌ల వల్ల క్యాప్ దాటితే, దాటిన మొత్తం వచ్చే ఏడాది లెక్కలో పడుతుంది.

2013లో 36 ఏళ్ల జరోమ్ ఇగిన్లాను ఇలాగే తెచ్చుకున్నారు. 30 గోల్స్ కొట్టాడు. రెగ్యులర్ సీజన్‌లో బోస్టన్‌దే అగ్రస్థానం, కానీ రెండో రౌండ్‌లో మాంట్రియల్ చేతిలో ఓడింది. ఇగిన్లా కొలరాడో వెళ్లిపోయాడు, అతని బోనస్‌ల బిల్లు బోస్టన్‌కు మిగిలింది. క్యాప్ టెన్షన్‌లో డిఫెన్స్‌కు ఆయువుపట్టు లాంటి జానీ బాయ్‌చక్‌ను న్యూయార్క్ ఐలాండర్స్ జట్టుకు ఇచ్చేశారు. 2015లో ప్లేఆఫ్స్ తప్పాయి, జనరల్ మేనేజర్ ఉద్యోగం పోయింది.

ఇంత జరిగినా 2022లో తమ సీనియర్లు బెర్జెరాన్, క్రేచీలతో మళ్లీ అదే పని చేశారు. 65 విజయాలు, 135 పాయింట్లు, లీగ్ చరిత్రలోనే రికార్డు. తొలి రౌండ్‌లోనే ఫ్లోరిడా చేతిలో ఓటమి. ఇద్దరూ రిటైరయ్యారు. దాదాపు 45 లక్షల డాలర్ల భారం తర్వాతి సీజన్ మీద పడింది. క్యాప్‌లో చోటు కోసం టేలర్ హాల్‌ను షికాగోకు పంపేశారు.

14 ఏళ్లు కెప్టెన్‌గా ఉన్న జెడెనో చారాను 2020లో, 43 ఏళ్ల వయసులో వదులుకోవడం తప్పనను. కానీ మరో డిఫెన్స్ ఆటగాడు టోరీ క్రుగ్ కూడా అప్పుడే వెళ్లిపోయాడు. ఆ ఖాళీలు గట్టిగా పూడ్చలేదు. 2021లో ఐలాండర్స్‌తో సిరీస్‌లో బ్రాండన్ కార్లో గాయపడగానే డిఫెన్స్ డొల్లతనం బయటపడింది.

సీనియర్లను వదిలేస్తే అభిమానులు ఊరుకోరన్న వాదన నేను ఒప్పుకోను. 2000లో అప్పటి బోస్టన్ కెప్టెన్ రే బోర్క్, కప్పు గెలిచే అవకాశం కోసం తానే అడిగి కొలరాడో వెళ్లాడు. మరుసటి ఏడాది గెలిచి, ఆ కప్పును బోస్టన్ సిటీ హాల్ ముందుకు తెచ్చాడు. వేరే జట్టు గెలిచిన కప్పును చూడటానికి వేల మంది వచ్చి చప్పట్లు కొట్టారు.