బికాజ్ గారికి, అర మార్కు విషయమై

ఇంగ్లీషు వ్యాకరణ వాస్తవ్యులు మహారాజశ్రీ బికాజ్ గారి దివ్య సముఖానికి,

నల్లగొండ నుంచి ఒక ఏడో తరగతి పిల్ల తండ్రి నమస్కరించి రాసుకొను విన్నపము. ఇక్కడ మేము క్షేమం. మీరు క్షేమమని వేరే చెప్పనక్కర్లేదు, మార్కు పోయింది మాకు కదా.

పోయిన శనివారం బడిలో పేరెంట్స్ మీటింగు. రెండింటికి రమ్మంటే ఒకటిన్నరకే పోయి, చిన్నపిల్లల బెంచీలో మోకాళ్లు గడ్డానికి ఆనించి కూర్చున్నాను. నా వంతు వచ్చేసరికి నాలుగు దాటింది. ఇంగ్లీషు మేడం పరీక్ష పేపరు తీసి, ఎర్ర సిరాతో చుట్టిన వాక్యం చూపించారు. ‘బికాజ్ ఇట్ వాజ్ రైనింగ్, సో ది బస్ వాజ్ లేట్.’ అర మార్కు కోత. “ఇంట్లో ఎవరండీ చెప్తున్నది?” అన్నారు.

చెప్పింది నేనే. పిల్ల నా దిక్కు చూసింది. నేను ఫ్యాను దిక్కు చూశాను.

తప్పేమిటో మేడం ఓపికగానే వివరించారు. మీరు తగులుకున్న వాక్యం ఒంటికాలిదట, ఆనుకోవడానికి పక్కన ఇంకో నిండు వాక్యం కావాలట. ‘సో’ ఏమో తమ కాళ్ల మీద తాము నిలబడ్డ రెండు వాక్యాలనే కలుపుతుందట. అందుకని మీరుంటే సో రాకూడదు, సో వస్తే మీరు లేచి పోవాలి. ‘అయినప్పటికీ’ అనే అర్థమిచ్చే మీ దాయాది ఆల్దో కూడా ‘బట్’ను పక్కన కూర్చోనివ్వడట. వంశమే అంత కాబోలు.

అయ్యా, మా బస్టాండులో ‘ఎందుకంటే వాన కొట్టింది, గందుకే బస్సు రాలే’ అంటే ఎవ్వరూ మార్కు కొయ్యరు. అసలు ‘ఎందుకంటే’ అన్న మాటలోనే చూడండి, ‘ఎందుకు’ అని ఎదుటోడు అడగాల్సిన ప్రశ్న కూడా మేమే అడిగేస్తాం. అడిగినంక జవాబు చెప్పాలె. చెప్పినంక ‘గందుకే’ అని గొళ్లెం పెట్టాలె. పెట్టకపోతే వినేటోడు “అయితే ఏంది?” అంటడు. మర్యాద తెలిసిన భాష కాబట్టి రెండు దిక్కులా పట్టుకుంటది. మీకు ఒక్కటే చాలట. పిసినారితనానికి వ్యాకరణమని పేరు!

పోనీ, ఆ ఒక్కటైనా సక్కగ పనిచేస్తదా? ‘ఐ డిడ్ నాట్ మ్యారీ హర్ బికాజ్ షి వాజ్ రిచ్.’ పెండ్లయిందా, కాలేదా? పిల్ల డబ్బున్నదని వద్దనుకున్నడా? లేక చేసుకున్నడు గాని డబ్బు కోసం కాదంటున్నడా? రెండు తీర్లా చదవొచ్చట. భోజనాలైనంక గూడ పెండ్లి అయిందో లేదో తేల్చలేనోనివి, నా బిడ్డ అర మార్కు తేల్చినవా?

నీ చుట్టాల సంగతి ఎత్తకపోవుడే మేలు. సిన్స్ అంటే ‘అప్పటి నుంచి’నా, ‘అందువల్ల’నా? దాని మూడ్ దానిది. దేర్‌ఫోర్‌కు ముందర సెమికోలన్ పరవాలె. మా వాడకట్టుల సెమికోలన్ పెట్టినోణ్ణి నేనింతవరకు చూడలే. నీ తోకకు ‘ఆఫ్’ తగిలిస్తే ఉత్త ‘రెయిన్’ సరిపోతది, ‘ఇట్ వాజ్ రైనింగ్’ అంటే మళ్ల ఎర్ర సిరా.

ఏది దేనివల్ల అయితదో నల్లగొండోళ్లకు నువ్వు నేర్పుతవా? మర్రిగూడ దిక్కు పోయి చూడు. బోరు నీళ్లల్ల ఫ్లోరైడు. తాగినోళ్ల ఎముకలు వంగినయి. నడుమ నువ్వు లేవు, సో లేదు, అయినా సంటిపిల్లకు గూడ అర్థమైతది. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడు తీసే పద్ధతికి ‘నల్లగొండ టెక్నిక్’ అనే పేరు. పేరైతే మాకొచ్చింది.

మా నాయిన పింఛనుకు అర్జీ పెట్టుకుంటే ఒక ఆఫీసు నుంచి కాగితమొచ్చింది. ‘హెన్స్ రిజెక్టెడ్’, కాబట్టి తిరస్కరించినమని. అంతే. హెన్స్‌కు ముందర కారణమేదిరా అంటే, లేదు. ఫలితమొక్కటే సంతకంతోని, ముద్రతోని దిగింది. దాని చుట్టూ ఎర్ర సిరాతోని సున్న చుట్టేటోడు ఎవడూ లేడు. కారణమూ ఫలితమూ రెండూ చెప్పిన పన్నెండేండ్ల పిల్లకు మాత్రం కోత!

నీవట్టే, బికాజూ, శనివారం పూట నా ఇజ్జత్ పోయింది.

మేడం ఇంటి పని కూడా ఇచ్చింది, మీతో పది వాక్యాలు రాసుకు రమ్మని. నిన్న రాత్రి పిల్ల నన్ను అడగకుండానే రాసింది. నిద్రపోయినంక నోటుబుక్కు తీసి చూశాను. మొదటిది, ‘మై ఫాదర్ ఈజ్ యాంగ్రీ బికాజ్ హి ఈజ్ రాంగ్.’

రెండుసార్లు చదివాను. సో కోసం వెతికాను. లేదు. ఎక్కడా వేలు పెట్టడానికి సందు దొరకలేదు.

ఇట్లు,
పై వాక్యంలోని ఫాదర్