మూడుసార్లు ఓకే నొక్కండి

ఒక ఆఫీసులో కంప్యూటర్ తెర అంచున కాగితం అతికించి ఉంది. గుండ్రటి అక్షరాలు: "ఫారం తెరవగానే డబ్బా వస్తుంది. ఏమీ రాయకుండా మూడుసార్లు ఓకే నొక్కండి. కంగారు పడొద్దు." కాగితం పసుపుబారింది. రాసినావిడ ఎప్పుడో రిటైరైంది. ఆవిడ మాట మాత్రం వేదవాక్కై నిలిచింది.

ఆ డబ్బాగారు మీకూ పరిచయమే. వివరాలు టేబుళ్లలో దాచే మైక్రోసాఫ్ట్ యాక్సెస్ ప్రోగ్రాం చూపించే "ఎంటర్ పారామీటర్ వాల్యూ" మొహం చూడనివాళ్లుంటే చేతులెత్తండి. నిజానికి ఏ నెల లెక్క కావాలి, ఏ తేదీ నుంచి కావాలి అని మనమే అడిగించినప్పుడు రావాల్సిన డబ్బా అది. కానీ దాని సంస్కారం దొడ్డది. క్వెరీలో, అంటే టేబుల్లోంచి వివరాలు తెమ్మని మనం రాసే ఆదేశంలో, ఓ పేరు గుర్తుపట్టలేకపోతే "అలాంటి ఫీల్డ్ లేదు" అని మన మొహం మీద అనదు. టేబుల్లో కస్టమర్‌పేరు అనే ఫీల్డ్ (నిలువు వరుస) ఉంది, క్వెరీలో వేలు జారి కష్టమర్‌పేరు అని పడింది. అయినా సరే, "కష్టమర్‌పేరు విలువ సెలవియ్యండి" అని చేతులు కట్టుకుని నిలబడుతుంది. ఎద్దు ఈనిందంటే దూడను గాటన కట్టెయ్యమన్నవాడే నయం. ఇది దూడకేం పేరు పెట్టమంటారని కూడా అడుగుతుంది!

ఏమీ రాయకుండా ఓకే నొక్కితే ఆ విలువ నల్ (ఏమీ లేనిది) అవుతుంది, పేరు గడి ఖాళీగా వస్తుంది. కస్టమర్లకు పేర్లుండవనే అక్కడివాళ్లు ఏళ్లుగా సర్దుకుపోయారు.

ఇంతలో ఓ కొత్త కుర్రాడు చేరాడు. నిజాయితీపరుడు. కాగితం చదవలేదు. డబ్బా అడిగింది, వాడు తనకు తెలిసిన సత్యమే టైపు చేశాడు: "తెలీదు". యాక్సెస్ తలూపింది. మొదటి వరుస నుంచి చివరి వరుస దాకా అందరి పేరూ తెలీదే. తెలీదు గారు, మూడు బిల్లులు బాకీ. తెలీదు గారు, చిరునామా మారింది. తెలీదు గారు, తెలీదు గారు, తెలీదు గారు. అక్కడితో ఆగినా బాగుండేది, కానీ ప్రింటర్ నిండా కాగితాలున్నాయి. "గౌరవనీయులైన తెలీదు గారికి" అంటూ ఉత్తరాలు కట్టలుకట్టలుగా బయటికొచ్చాయి. వాటిని మడిచి కవర్లలో పెట్టినాయనకు అనుమానమే రాలేదు. పెద్ద కుటుంబం కాబోలు అనుకున్నాడట.

కనీసం ఆ డబ్బా నోరు తెరిచి అడుగుతుంది. దాని నోరే మూయించే మహానుభావులు వేరే ఉన్నారు. కోడ్ మొదట్లో హెచ్చరికలు చూపించొద్దని "సెట్ వార్నింగ్స్ ఫాల్స్" అని ఒక ముక్క పడేసి, మళ్లీ ట్రూ చెయ్యకుండా చేతులు దులుపుకుని పోతారు. హెచ్చరికలంటే వాళ్లకు విసుగట! ఒకమ్మాయి 40 రసీదులు ఎంట్రీ చేసింది. వాటిని అసలు టేబుల్లోకి చేర్చే అపెండ్ క్వెరీ, కీ (ఏ రెండు వరుసలకూ ఒకటే ఉండకూడని గుర్తు) డూప్లికేట్ అయిందని 3 వదిలేసింది. ఆ సంగతి చెప్పాల్సింది హెచ్చరికే, దాని గొంతు ముందే నొక్కేశారు. 37 చేరాయి. నెలాఖరున లెక్క తేలలేదు. తిట్లెవరికి? "నువ్వే కొట్టి ఉండవు" అన్నారు ఆ అమ్మాయిని. కొట్టింది. రసీదుల మీద వరుసగా పెన్సిల్‌తో టిక్కులు పెట్టుకుంది, నేను చూశాను. చూపించబోతే ఎవరూ తీసుకోలేదు, బాత్రూంలోకి వెళ్లి ఏడ్చింది. తప్పు జరగకుండా చూడటానికీ, జరిగిన తప్పు కనపడకుండా చెయ్యడానికీ తేడా తెలియనివాడికి కీబోర్డు ఎవడిచ్చాడు? క్వెరీని నడపడానికి కరెంట్‌డీబీ డాట్ ఎగ్జిక్యూట్ రాసి, పక్కన తప్పొస్తే ఆగమనే డీబీ ఫెయిల్ ఆన్ ఎర్రర్ తగిలిస్తే అక్కడే ఆగి ఎర్రర్ చెప్పేది. ఆ ఒక్క లైనుకు బద్ధకం!

సరే, పసుపు కాగితం సంగతి. నేనే వెళ్లి క్వెరీలో కష్టమర్‌ను కస్టమర్ చేసి, గర్వంగా ఇంటికొచ్చాను. అదే తప్పు పేరు ఫారంలో వరుసక్రమం చెప్పే ఆర్డర్ బై ప్రాపర్టీలోనూ, ఓ కాంబో బాక్స్‌కు (ఎంచుకునే జాబితాకు) వివరాలిచ్చే రో సోర్స్‌లోనూ సేవ్ అయి ఉంటుందన్న జ్ఞానం నాకు అప్పుడు కలగలేదు. వారం తర్వాత వెళ్లి చూస్తే కాగితం అక్కడే ఉంది. ఎవరో "మూడుసార్లు" కొట్టేసి, పైన ఎర్ర ఇంకుతో "రెండుసార్లు" అని దిద్దారు.