పిల్లికి నిత్యాన్నదానం

అపార్టుమెంట్లలో పెంపుడు పిల్లి పేరిట నిరాఘాటంగా సాగుతున్న నిత్యాన్నదాన పథకాలను దేవాదాయ శాఖ ఇంతవరకు గుర్తించకపోవడం విచారకరం. భక్తురాలు ఒక్కతే, దాతలు మాత్రం ఐదుగురు. పైగా ఏ దాతకూ తక్కిన నలుగురి సంగతి తెలియదు.

తెల్లవారుజామున పిల్లి అరవగానే తాతగారు గిన్నె నింపి వాకింగుకు వెళతారు. ఆయన గేటు దాటేలోగా అదే పిల్లి అదే అరుపుతో కోడలి కాళ్లకు చుట్టుకుంటుంది గనుక, నిన్నటి నుంచి పస్తుందని నిర్ధారించుకొని ఆమె మళ్లీ నింపుతుంది. బడికి వెళుతూ పిల్లవాడు ఒక గుప్పెడు, ఆఫీసుకు వెళుతూ తండ్రి మరో గుప్పెడు వేస్తారు. మధ్యాహ్నం గిన్నెలో గింజలు మిగిలి ఉండటం చూసిన మామ్మగారు, అవి దానికి సయించడం లేదని జాలిపడి పెరుగన్నం కలుపుతారు. రాత్రి భోజనాల దగ్గర కుటుంబమంతా కూర్చుని, "ఇది ఈమధ్య అసలేమీ తినడం లేదు" అని ఏకగ్రీవంగా తీర్మానిస్తే, సోఫా నిండా పరుచుకున్న ఆ ఏడు కిలోల ఉపవాసి కళ్లు మూసుకొని ఆమోదిస్తుంది.

పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించిన, ఇల్లు కదలని నాలుగు కిలోల పిల్లికి రోజుకు సుమారు 200 కేలరీలు చాలు. గింజల్లా ఉండే డ్రై ఫుడ్ 100 గ్రాములలో మామూలుగా 350 నుంచి 400 కేలరీలు ఉంటాయి కాబట్టి, దాదాపు 55 గ్రాములతో రోజంతా గడిచిపోతుంది. తండ్రిగారి షుగరు కోసం ఓట్సు తూచే డిజిటల్ కాటా అదే వంటింట్లో ఉంది, కానీ దాని మీద పిల్లి తిండి పెట్టడం మర్యాద కాదు కాబోలు. పిల్లికి గుప్పెడే కొలత. ఎవరి గుప్పెడన్నది అడగకూడదు.

పైగా ఆ బొజ్జను వీడియో తీసి అందరికీ పంపి మురిసిపోతారు! నిమిరితే పక్కటెముకలు చేతికి తగలని పిల్లి ముద్దుగా లేదండీ, జబ్బుగా ఉంది. వీపు నాకి శుభ్రం చేసుకోవడానికి మెడ తిరగక దాని బొచ్చు ఉండలు కడుతోంది. కీళ్లు నొప్పెట్టి మంచం ఎక్కలేకపోతుంటే, దాన్నీ బద్ధకమని నవ్వుతారు. వైద్యుడు మందలిస్తే రోషం తెచ్చుకొని మర్నాటి నుంచే కడుపు మాడ్చే ఘనులున్నారు. లావెక్కిన పిల్లి నాలుగు రోజులు తినకపోతే ఒంట్లోని కొవ్వు కాలేయంలో పేరుకుని ప్రాణం మీదికి వస్తుందని చెప్పినా వినరు. చివరికి దానికీ మధుమేహం వచ్చి, రెండు పూటలా ఇన్సులిన్ సూది ఎవరు వేయాలన్న చర్చ మొదలైనప్పుడు, ఇన్నాళ్లూ గుప్పెళ్లు విసిరిన చేతుల్లో ఒక్కటీ ఖాళీగా ఉండదు.