ఆఖరి ఐదు మిల్లీగ్రాముల దగ్గరే అసలు చిక్కు

డిప్రెషన్ మందులు వాడుతున్నవారికి ఇంట్లో తప్పకుండా ఎదురయ్యే ప్రశ్న: "ఇంకా ఎన్నాళ్లు?" అడిగేవాళ్లది ప్రేమే. కానీ ఆ మాట పడలేక, మనసు కాస్త కుదుటపడగానే ఎవరికీ చెప్పకుండా మాత్ర మానేసేవాళ్లు ఎంతోమంది. పాత చీటీ చూపించి మెడికల్ షాపులో అదే స్ట్రిప్ ఏళ్ల తరబడి తెచ్చుకునేవాళ్లూ ఉన్నారు. మానడమా, కొనసాగించడమా అన్న నిర్ణయం ఈ రెండు చోట్లా డాక్టర్ లేకుండానే జరిగిపోతోంది. నన్ను బాధపెట్టేది అదే.

యూనివర్సిటీ కాలేజ్ లండన్ పరిశోధకులు ఇంగ్లండ్‌లో 478 మందిపై చేసిన అధ్యయనం 2021లో వెలువడింది. అందరూ చాలాకాలంగా మందు వాడుతూ, ఇప్పుడు బాగున్నాం, మానేద్దామా అనుకుంటున్నవారే. సగం మందికి మందు కొనసాగించారు. మిగతావారికి రెండు నెలల్లో తగ్గించి, ఆ తర్వాత మందు లేని మాత్ర ఇచ్చారు. ఏడాది తిరిగేసరికి మానినవారిలో 56 శాతం మందికి, కొనసాగించినవారిలో 39 శాతం మందికి జబ్బు తిరగబెట్టింది.

మానొద్దు అనడానికి ఈ అంకెలు చాలనిపిస్తుంది. కానీ మానినా 44 శాతం మంది బాగానే ఉన్నారు. మందు వేసుకుంటున్నా 39 శాతం మంది మళ్లీ కుంగిపోయారు. పైగా రెండు నెలల్లో మాన్పించినప్పుడు కొందరికి వచ్చింది పాత జబ్బేనా, మందు ఆగినందువల్ల వచ్చిన బాధా?

ఈ రెండింటినీ విడివిడిగా గుర్తుపట్టడం కష్టం. నిద్ర పట్టకపోవడం, టెన్షన్, ఏడుపు రెండింటిలోనూ ఉంటాయి. అయితే మందు ఆగినందువల్ల వచ్చే బాధ సాధారణంగా కొద్ది రోజుల్లోనే మొదలవుతుంది. కళ్లు తిరగడం, తలలో షాక్ కొట్టినట్టు అనిపించడం దాని గుర్తులు. జబ్బు తిరగబెట్టడం ఎక్కువగా వారాలు, నెలల మీద మెల్లగా జరుగుతుంది. ఈ తేడా తెలియక, "చూశావా, మందు లేకపోతే బతకలేను" అని జీవితాంతం భయపడేవాళ్లున్నారు.

తగ్గించే పద్ధతిలోనూ ఒక మెలిక ఉంది. సిటలోప్రామ్ అనే డిప్రెషన్ మందు 20 మిల్లీగ్రాములు వేసుకుంటే, మెదడులో ఆ మందు పట్టుకునే చోట్లలో దాదాపు 80 శాతం నిండుతాయి. 5 మిల్లీగ్రాములకు దిగినా సుమారు 60 శాతం నిండే ఉంటాయి. అంటే 20 నుంచి 5కు దిగడం చిన్న మెట్టు, 5 నుంచి సున్నాకు దిగడం పెద్ద గెంతు. మనవాళ్లు చేసేది మాత్రను సగానికి విరిచి కొన్నాళ్లు వేసుకుని ఆపేయడం. రోజు విడిచి రోజు వేసుకోవడం ఇంకా చిక్కు, ఒంట్లో మందు ఎక్కుతూ దిగుతూ ఉంటుంది. పారాక్సెటిన్, వెన్లాఫాక్సిన్ లాంటి త్వరగా ఒంట్లోంచి పోయే మందులతో ఇది మరీ కష్టం. కొందరిలో ఈ బాధలు తీవ్రంగా, ఎక్కువకాలం ఉండొచ్చని బ్రిటన్ మానసిక వైద్యుల రాయల్ కాలేజ్ ఒప్పుకున్నది 2019లోనే.

ఇలా రాస్తే మందుల మీద భయం పెరుగుతుందని కొందరు డాక్టర్లు అనవచ్చు. ఆ ఆందోళన న్యాయమైనదే. మన దేశంలో డిప్రెషన్ ఉన్నవారిలో సుమారు 85 శాతం మందికి చికిత్సే అందడం లేదని బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ 2015-16 సర్వే తేల్చింది. మందు ఆపితే అందరికీ నరకం అన్నదీ నిజం కాదు. 2024లో అనేక అధ్యయనాలను కలిపి చూస్తే, మందు ఆపడం వల్లే లక్షణాలు వచ్చేది ఆరేడుగురిలో ఒకరికని తేలింది.

రెండు మూడుసార్లు కుంగిపోయి లేచిన మనిషికి ఏళ్ల తరబడి మందు అవసరం కావచ్చు. అది బలహీనత కాదు, బీపీ మాత్ర వేసుకోవడం లాంటిదే. మొదటిసారి జబ్బుచేసి, కోలుకుని ఏడాది దాటినవారి సంగతి వేరు. వాళ్లకు నెలల మీద మెల్లగా తగ్గించే అవకాశం ఉందని డాక్టరే ముందుగా చెప్పాలి, చీటీ మీద తర్వాతి తేదీ వేసి పిలవాలి.