30 రోజులంటే 30 రోజులే

2015 ఏప్రిల్‌లో న్యూజెర్సీలోని బెర్లిన్ టౌన్‌షిప్‌లో ఒక మహిళ తుపాకీ కొనుక్కోవడానికి పర్మిట్ కోసం పోలీసులకు దరఖాస్తు పెట్టుకున్నారు. మాజీ ప్రియుడి నుంచి ఆమెకు ప్రాణభయం ఉంది. అప్పటికే కోర్టు నుంచి రక్షణ ఉత్తర్వు తెచ్చుకున్నారు, ఇంటికి కెమెరాలు పెట్టించుకున్నారు. చట్టం ప్రకారం పోలీసులు 30 రోజుల్లో పర్మిట్ ఇవ్వాలి, లేదా ఇవ్వబోమని చెప్పాలి. 40 రోజులు దాటినా రెండూ జరగలేదు. జూన్ 3న ఇంటి ముందు కారు దిగుతుండగానే అతను కత్తితో పొడిచి చంపేశాడు. ఆమె పెట్టించుకున్న కెమెరాలోనే అదంతా రికార్డయింది.

తుపాకీ చేతికొచ్చి ఉంటే ఆమె బతికేదని మేము చెప్పం, అది ఎవరికీ తెలియదు. మా అభ్యంతరమల్లా గడువు గురించే. ఆ గడువు పెట్టిందీ ప్రభుత్వమే, తప్పిందీ ప్రభుత్వమే. మనం టాక్స్ ఒక్క రోజు ఆలస్యంగా కడితే వడ్డీతో సహా వసూలు చేస్తారు. పర్మిట్ ఎన్ని రోజులు ఆలస్యమైనా పోలీసు శాఖను అడిగే నాథుడు లేడు.

అందుకే ఈ గడువుకు పదును పెట్టే బిల్లులను రాష్ట్ర రాజధాని ట్రెంటన్‌లోని శాసనసభ్యులు ముందుకు తేవాలని కోరుతున్నాం. 31వ రోజున దరఖాస్తు దానంతటదే పై అధికారి టేబుల్ మీదికి వెళ్లాలి. ఆలస్యానికి కారణం రాతపూర్వకంగా ఇవ్వాలి. కోర్టు రక్షణ ఉత్తర్వు ఉన్నవాళ్ల ఫైలు అన్నిటికంటే ముందు చూడాలి. వేలిముద్రలు, నేరచరిత్ర తనిఖీ తీసేయమని మేము అడగడం లేదు. తుపాకీ మరణాల రేటు తక్కువగా ఉన్న రాష్ట్రాల్లో న్యూజెర్సీ ఒకటి. అందులో తనిఖీల పాత్ర లేదని వాదించడం మొండితనం. కానీ తనిఖీ వేరు, నాన్చుడు వేరు.

ఫీజుల సంగతీ చూడాలి. 2022 జూన్‌లో సుప్రీంకోర్టు, తుపాకీ వెంట ఉంచుకోవడానికి ప్రత్యేక అవసరం చూపించాలన్న న్యూయార్క్ నిబంధనను కొట్టేసింది. దాంతో న్యూజెర్సీలోని అలాంటి నిబంధనా పోయింది. ఆ ఏడాది డిసెంబరులో ఇక్కడ కొత్త చట్టం వచ్చి, 5 డాలర్ల తుపాకీ కొనుగోలుదారు గుర్తింపు కార్డును 50 చేసింది, 2 డాలర్ల పిస్టల్ పర్మిట్‌ను 25 చేసింది. తుపాకీ వెంట తీసుకెళ్లే పర్మిట్‌కు 200. రాత్రి షిఫ్టులో గ్యాస్ స్టేషన్ కౌంటర్ దగ్గర నిలబడే మనిషికి ఇది చిన్న మొత్తం కాదు.

మనవాళ్లకు ఈ గొడవెందుకని కొందరు అంటారు. నిజమే, మనలో చాలామందికి తుపాకీ అంటే ఊళ్లో బ్యాంకు ముందు వాచ్‌మన్ భుజాన చూసిందే. ఆయుధపూజ రోజు స్కూటర్‌కు బొట్టు పెట్టిన వాళ్లం. కానీ మన రాష్ట్రంలోని ఎడిసన్ పట్టణం చుట్టుపక్కల బంగారం కోసం దక్షిణాసియా కుటుంబాల ఇళ్లను వెతికి మరీ దోచుకున్న సంఘటనలు తెలిసినవే. (ఎవరూ లేనప్పుడు వచ్చే దొంగను తుపాకీ ఆపదు. లాకర్‌లో పెట్టకపోతే నగలతో పాటు దాన్నీ పట్టుకుపోతాడు.) ఇంకో మాట. హెచ్-1బీ మీదో, చదువు వీసా మీదో ఉన్నవాళ్లు మామూలుగా తుపాకీ కొనకూడదు, అది ఫెడరల్ చట్టం. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లు కొనవచ్చు. వీసా మీద ఉన్నవాళ్లు పొరపాటున కొంటే కేసు, ఆపై వీసాకే ఎసరు. ఈ సంగతి తెలియనివాళ్లు మనలో ఇంకా ఉన్నారు.

రాష్ట్ర శాసనసభ రెండు సభల్లోనూ డెమొక్రాట్లదే మెజారిటీ కాబట్టి తుపాకీ అన్న మాట వినిపిస్తే చాలు, బిల్లు కమిటీలోనే ఆగిపోతుంది. గృహహింస బాధితులకు అండగా ఉంటామని చెప్పుకునే సభ్యులు, బెర్లిన్ టౌన్‌షిప్‌లో చనిపోయింది ఒక గృహహింస బాధితురాలేనని గుర్తుంచుకోవాలి. కనీసం కమిటీ విచారణకైనా ఈ బిల్లులను పెట్టాలి.

ప్రతి నియోజకవర్గానికి ఒక సెనేటర్, ఇద్దరు అసెంబ్లీ సభ్యులు ఉన్నారు. వాళ్ల ఆఫీసుకు ఫోన్ చేసి, గడువు బిల్లు మీద మీ మాటేమిటని అడగండి. అలా అడగడానికి ఓటు హక్కే ఉండనక్కర్లేదు.