తెలియక ఒకసారి, తెలిసి ఒకసారి

‘తెలిసి చేసినా, తెలియక చేసినా తప్పు కాయమ్మా’ అని అమ్మవారికి మొక్కుకుంటారు మావాళ్లు. విజయనగరంలో మూడు లాంతర్ల దగ్గర పైడితల్లి చదురుగుడి ముందు చిన్నప్పటి నుంచి ఆ మాట వింటూనే ఉన్నాను. తెలియక చేసినదానికీ తెలిసి చేసినదానికీ ఎంత దూరమో మాత్రం ఒక వీడియో గేమ్ రెండోసారి ఆడినప్పుడే తెలిసింది.

ఆ ఆట ‘ది విచర్ 3: వైల్డ్ హంట్’. అందులో మనం విచర్‌గా, అంటే కూలికి రాక్షసులను వేటాడేవాడిగా ఆడతాం. పోలండ్‌కు చెందిన సీడీ ప్రాజెక్ట్ రెడ్ దాన్ని 2015 మే 19న విడుదల చేసింది. 2023 నాటికే 5 కోట్లకు పైగా ప్రతులు అమ్ముడయ్యాయి. నాలుగో భాగం తొలి ట్రైలర్ 2024 డిసెంబరులో చూపించాక, పాతదాన్ని మళ్లీ తెరిచాను.

మంచిచెడులు ఎంచుకోమనే ఆటలు అంతకుముందూ ఉన్నాయి. 2004 నాటి ‘ఫేబుల్’లో పుణ్యం చేస్తే తల చుట్టూ వెలుగు, పాపం చేస్తే కొమ్ములు. 2007లో వచ్చిన ‘మాస్ ఎఫెక్ట్’ రెండు ఖాతాల్లో పాయింట్లు వేసుకుంటూ పోయేది. అలాంటి చోట మన చూపు ఎదుటి మనిషి మీద కాదు, మన లెక్క మీద ఉంటుంది. విచర్‌లో ఆ చిత్రగుప్తుడు లేడు. చేసిన పని తాలూకు ఫలితం, మనం దాన్ని మరిచిపోయాక, ఎక్కడో ఎదురవుతుంది.

యుద్ధంలో చితికిన వెలెన్ అనే చిత్తడి నేలలో ఒక గుట్ట ఉంది. దాని లోపల, చెట్టు వేళ్ల మధ్య, ఒక ఆత్మ బందీగా ఉంది. ముగ్గురు మంత్రగత్తెలు అనాథ పిల్లలను తినబోతున్నారనీ, తనను విడిపిస్తే ఆ పిల్లలను కాపాడతాననీ అంటుంది. దాని పీడ వదిలించమని డౌన్‌వారెన్ ఊరిపెద్ద అడుగుతాడు. పైడితల్లి పండగలో పూజారిని కూర్చోబెట్టి ఊరేగించే సిరిమాను కోసం అమ్మవారు పూజారి కలలో చూపిన చింతచెట్టుకు పసుపు కుంకుమలు పెట్టి మొక్కనిదే గొడ్డలి వేయని ఊరు మాది. చెట్టులో ఒక తల్లి ఉందంటే నాకు వింతగా తోచలేదు. డిగ్రీ చదివే రోజుల్లో, స్నేహితుడి కంప్యూటర్ ముందు కూర్చుని, నిమిషమైనా ఆలోచించకుండా దాన్ని విడిపించాను.

పిల్లలు బతికారు. డౌన్‌వారెన్ మాత్రం శవాల దిబ్బయింది. పిల్లలను సాకిన ముసలమ్మ శాపం తగిలి కన్నుమూసింది. ఆమె ఆ ప్రాంతాన్ని ఏలే దొర, బ్యారన్ అనేవాడి భార్య అన్నా. బ్యారన్ ఉరి వేసుకున్నాడు.

ఈ బ్యారన్ గురించి కొంచెం ఆగి చెప్పాలి. తాగి భార్యను కొట్టినవాడు. పుట్టకుండానే పోయిన బిడ్డ పిశాచమై తిరుగుతుంటే, దాన్ని చేతుల్లోకి తీసుకుని చీకట్లో నడుస్తాడు. అది గింజుకుంటుంది, అతను ఆగడు. చివరికి దానికి పేరు పెట్టి, బిడ్డగా ఒప్పుకుని, గడప కింద పాతిపెడతాడు. ఇల్లాలి మీద లేచినవీ, బిడ్డను మోసినవీ ఆ చేతులే. అతన్ని క్షమించమని ఆట ఎక్కడా అడగదు, అసహ్యించుకుని ఊరుకోనూ ఇవ్వదు. ఏ ఆటలోనూ ఇంత నిజాయితీగా రాసిన మనిషిని నేను చూడలేదు.

ముగింపు తెలిశాక ఇలాంటి ఆటల్లో పస ఉండదని చాలామంది అంటారు. నేను ఒప్పుకోను. ఏ దారిలో ఎవరు బతుకుతారో ఇంటర్నెట్‌లో పట్టికలే ఉన్నాయి. అందరూ బతికే వరుస మాత్రం వాటిలో లేదు. మొదటిసారి నాకు ‘తెలియదు’ అనే ఆసరా ఉండేది. ఈసారి ఆత్మ తియ్యగా మాట్లాడుతుంటే, తర్వాత జరిగేదంతా కళ్ల ముందు ఉంది. ఏ పేరు కొట్టేయాలో నేనే చెప్పాలి. ఎంతసేపటికీ మౌస్ మీద వేలు కదల్లేదు.

ఊళ్లోనూ పిల్లలుంటారు కదా అనుకున్నాను. ఆత్మను చంపాను. ఊరిపెద్ద తన చెవి కోసి మంత్రగత్తెలకు ఇచ్చుకున్నాడు. అన్నాకు మతి పోయింది, ప్రాణం నిలిచింది. ఆమెను బాగుచేయించడానికి బ్యారన్ దూరపు కొండలకు బయలుదేరాడు.

ఆ తర్వాత చిత్తడిలోని గుడిసెల దగ్గరికి తిరిగి వెళ్లాను. అంతకుముందు నాతో దాగుడుమూతలు ఆడిన పిల్లలు అక్కడ కనిపించలేదు. గుడిసెల వెనకా, కంచె పక్కనా, ఉండరని తెలిసే వెతికాను.