అత్యవసర సిబ్బందిలో లేనివాడు

ఈరీ సరస్సు ఒడ్డున ఉన్న ఒక అమెరికన్ విశ్వవిద్యాలయంలో నేను పరిశోధన చేస్తూ, పొట్టకూటికి పాఠాలు కూడా చెబుతున్నాను. దాని పేరు రాయడం లేదు, డిగ్రీ ఇంకా చేతికి రాలేదు. మంచు తుఫాను కారణంగా నిన్న మా విశ్వవిద్యాలయం రెండు గంటలు ఆలస్యంగా తెరుస్తామని ప్రకటించి, ఆ తరువాత తెరవకుండానే మూసివేసింది. ఈ రెండు ప్రకటనలకూ మధ్య, రెండు తలుపుల నడుమ, నేను నిలబడిపోయాను.

ఇక్కడ సెలవు ఇచ్చే పద్ధతి మన పద్ధతి కాదు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు కోస్తా జిల్లాల్లో బడులకు సెలవు ఇచ్చారు. కలెక్టరు గారి మాట టీవీలో కింద పరుగెత్తే అక్షరాల్లో కనబడితే చాలు, పిల్లలు మళ్ళీ దుప్పటి కప్పుకున్నారు. ఇక్కడ తెల్లవారుజామున నాలుగింటికి ఒకరు కారు వేసుకుని రోడ్లు చూసి వస్తారు, ఒకరు బస్సుల వారితో మాట్లాడతారు, ఇంకొకరు కాలిబాటల మీద మంచు తోసేవారిని విచారిస్తారు, ఆపైన పెద్దలందరూ ఫోనులో సమావేశమై ఐదున్నరకల్లా ఒక నిర్ణయానికి వస్తారు. ఈ సరస్సు పక్కన ఆ నిర్ణయం కష్టమైనదేనని ఒప్పుకోవాలి. ఇంకా గడ్డకట్టని నీటి మీదుగా చలిగాలి వచ్చి, తేమను పీల్చుకుని, ఒక సన్నని పట్టీగా ఒడ్డు మీద కుమ్మరిస్తుంది. 2014 నవంబరులో బఫెలోకు దక్షిణాన ఉన్న పేటల్లో 5 అడుగులకు పైగా మంచు పడితే, ఉత్తరాన కొద్ది మైళ్ళ దూరంలో కొన్ని అంగుళాలే పడింది. కనుక పెద్దలు మనసు మార్చుకోవడాన్ని నేను తప్పు పట్టను. మార్చుకున్న సంగతి తాళానికి ముందు చెప్పి, మనుషులకు తరువాత చెప్పడాన్ని మాత్రం తప్పు పడుతున్నాను.

ఐదున్నరకు వచ్చిన సందేశం ప్రకారం విశ్వవిద్యాలయం పదింటికి తెరుచుకుంటుంది. ఇలాంటి రోజులకు ఒక నియమం ఉంది: తెరిచే వేళకు నడుస్తూ ఉండవలసిన తరగతి, మిగిలిన భాగం వరకు మాత్రమే జరుగుతుంది. నా తరగతి తొమ్మిదిన్నర నుంచి పది యాభై దాకా. అంటే, అరగంట కిందట మొదలయి ఉండవలసినదీ, నిజానికి మొదలు కానిదీ అయిన ఒక తరగతిని నేను పదింటికి మధ్యలోంచి అందుకోవాలి. ఈ వాక్యం రాసిన మహానుభావుడు ఎవరో గానీ, ఆయనకు మంచుతో గాక వేదాంతంతో ఎక్కువ పరిచయం ఉండి ఉంటుంది.

బస్సు ఆలస్యంగా వచ్చింది, ఎక్కాను, దిగాను. మా భవనానికి బయట ఒక తలుపు, నాలుగడుగుల లోపల మరొక తలుపు ఉంటాయి. చలిగాలి నేరుగా లోపలికి దూరకుండా ఇక్కడ అన్ని పెద్ద భవనాలకూ ఇదే ఏర్పాటు. మెట్ల మీద మంచు తోసి వెళ్ళిపోతున్న ఒక పెద్దమనిషి నన్ను చూసి బయటి తలుపు పట్టుకుని నిలబడ్డాడు. ఈ దేశంలో ఒకరు మన కోసం తలుపు పట్టుకుంటే, అవసరం ఉన్నా లేకున్నా పరుగెత్తాలి. పరుగెత్తి, ధన్యవాదాలు చెప్పి, లోపలికి అడుగు పెట్టాను. వెనుక తలుపు మూసుకుంది. లోపలి తలుపు దగ్గర కార్డు చూపించాను. ఎర్ర దీపం వెలిగింది. కార్డును చొక్కాకు తుడిచి, తిరగేసి, బతిమాలి చూపించినా ఆ దీపం పచ్చబడలేదు.

బయటికి పోవడానికి అడ్డేమీ లేదు. అగ్నిప్రమాద నిబంధనల వల్ల లోపలి నుంచి తోస్తే బయటి తలుపు ఎప్పుడైనా తెరుచుకుంటుంది. కానీ ఒకసారి బయటపడితే తిరిగి లోనికి రాలేను, తరువాతి బస్సు ఎప్పుడో తెలియదు. సున్నాకు దిగువన 18 డిగ్రీల సెల్సియస్ చలిలో గంటకు 24 కిలోమీటర్ల వేగంతో గాలి వీస్తే అది ఒంటికి 28 డిగ్రీల దిగువలా తగులుతుందనీ, అరగంటలో చర్మం గడ్డకట్టవచ్చుననీ ఇక్కడి వాతావరణ శాఖ పట్టిక చెబుతుంది. నిన్నటి చలి దానికి కాస్త తక్కువే అయినా, ఆ పట్టికను నా చెవుల మీద సరిచూసుకోవాలన్న ఉత్సాహం నాకు కలగలేదు.

కనుక లోపలే నిలబడ్డాను. అసలు కథ ఇక్కడ మొదలవుతుంది, ఎందుకంటే ఆ నాలుగడుగుల చోటులో నడినెత్తి మీద ఒక వేడిగాలి యంత్రం ఉంది, అది ఆగదు. గోడ వెంట మరొక యంత్రం మోకాళ్ళకు వేడి కొడుతోంది. కింద నిప్పు, మూత మీద నిప్పు పెట్టి కాల్చే దిబ్బరొట్టెలా నేను రెండు వైపులా సమానంగా కాలడం మొదలుపెట్టాను. నా ఒంటి మీద ఉన్నవి చెప్పాలి: లోపల థర్మల్స్, వాటి మీద చొక్కా, దాని మీద మా మేనత్త అల్లిన మెడ బిగుతు స్వెట్టరు, దాని మీద ఉన్ని కోటు, దాని మీద మోకాళ్ళ దాకా వచ్చే దళసరి కోటు, తలకు మంకీ క్యాప్, దాని మీద కోటు టోపీ. వీటిని వేసుకోవడానికి ఒక క్రమం ఉంది గానీ, విప్పడానికి ఎవరూ క్రమం ఏర్పరచలేదు. ముందు చేతి తొడుగులు తీస్తే తప్ప జిప్పు అందదు. జిప్పు తీసే లోపల కళ్ళజోడు పొగచూరి ఏమీ కనబడదు. కళ్ళజోడు తీస్తే మంకీ క్యాప్ కళ్ళ మీదికి జారుతుంది. రెండు కోట్లూ తీసి నేల మీద పేర్చాను. మేనత్త స్వెట్టరు తల దగ్గర ఇరుక్కుంది. చేతులు రెండూ పైకెత్తి, ముఖం ఉన్నిలో కూరుకుపోయి, నేను గిరగిరా తిరుగుతూ ఉండగా జేబులో ఫోను మోగింది.

మా నాన్నగారు తెనాలి నుంచి వీడియోలో చేశారు. ఆయన పదవీ విరమణ చేసిన ప్రధానోపాధ్యాయుడు. విశ్వవిద్యాలయపు హెచ్చరికలు తనకూ రావాలని పట్టుబట్టి తన ఈమెయిలు కూడా నా చేత నమోదు చేయించుకున్నారు, ప్రతి దానినీ సర్క్యులరు చదివినట్లు చదువుతారు. అక్కడ రాత్రి ఎనిమిది దాటింది.

“ఒరేయ్, మీ కాలేజీ పూర్తిగా మూసేశారటగా. ఐదు డిగ్రీలకే మూసేయడమేమిట్రా? మన లంబసింగిలో అంతకన్నా తక్కువ ఉంటుంది,” అన్నారు.

అది ఫారెన్‌హీట్ అనీ, మన లెక్కలో సున్నాకు 15 డిగ్రీల దిగువ అనీ స్వెట్టరు లోపలి నుంచి విన్నవించాను. విశ్వవిద్యాలయం మూసివేసిన సంగతి నా ఫోనుకు అప్పటికింకా చేరలేదు. తాళాలకు చేరింది, తెనాలికి చేరింది.

అంతలో బయటి తలుపు తెరుచుకుని క్యాంపస్ పోలీసు వచ్చాడు. మూసి ఉన్న భవనంలో ఒకడు బట్టలు విప్పుకుంటున్నాడని కెమెరా చూసేవారు చెప్పారట. ఆయన ముఖంలో కోపం లేదు, ఎంతో జాలి ఉంది. కారణం ఆయనే తరువాత చెప్పాడు. శరీరం ప్రమాదకరంగా చల్లబడినప్పుడు చర్మం దగ్గరి రక్తనాళాలు ఒక్కసారిగా సడలి, ఒళ్ళంతా మండుతున్నట్లు అనిపించి, మనిషి ఆ చలిలోనే బట్టలు తీసి పారేస్తాడు. నన్ను ఆ దశలో ఉన్నవాడిగా భావించి, తన చేతిలోని వెండి రంగు దుప్పటిని, ఆ దిబ్బరొట్టె పొయ్యిలోనే, నా చుట్టూ బిగించి చుట్టేశాడు. వేడిగా ఉందని నేను అంటే, “అలాగే అనిపిస్తుంది,” అని ఓదార్చాడు.

తరువాత మతి స్థిమితంగా ఉందో లేదో చూసే ప్రశ్నలు మొదలుపెట్టాడు. పేరు అడిగాడు, చెప్పాను; ఇంటిపేరుతో సహా చెప్పడంతో ఆయన అనుమానం కొంత పెరిగింది. వారం అడిగాడు, చెప్పాను. ఈ రోజు విశ్వవిద్యాలయం తెరిచి ఉందా, మూసి ఉందా అని అడిగాడు. అధికారికంగా నాకు అందిన ఏకైక సందేశాన్ని అనుసరించి, పదింటికి తెరుచుకుంటుందని చెప్పాను. ఆయన తల అడ్డంగా ఊపి, అంబులెన్సు పిలవడానికి భుజం దగ్గరి వైర్‌లెస్ మీద చెయ్యి వేశాడు. ఈ దేశంలో అంబులెన్సు బిల్లు ఎలా ఉంటుందో తెలిసినవాణ్ణి కనుక, నా ఒంట్లో నిజమైన వణుకు అప్పుడు పుట్టింది. ఆ వణుకు చూసి ఆయన ఇంకా నమ్మాడు.

“యూనివర్సిటీ ఈజ్ క్లోజ్డ్ ఫర్ ది డే, సర్,” అని నేల మీది ఫోనులోంచి మా నాన్నగారు, ముప్పై ఏళ్ళు ప్రార్థన సమావేశాల్లో మోగిన గొంతుతో పలికారు. “నోటిఫికేషన్ ఈజ్ విత్ మీ.”

పోలీసు వంగి ఫోను చూశాడు. ఆ సంభాషణ వారిద్దరి మధ్యే నడిచింది. మా నాన్నగారు సందేశాన్ని మొదటి నుంచి చివరి వరకు, కామాలతో సహా, చదివి వినిపించారు. “అత్యవసర సిబ్బంది మాత్రమే విధులకు రావలెను” అన్న చోట పోలీసు ఆపి, నా వైపు తిరిగి, మీరు అత్యవసర సిబ్బందిలో ఉన్నారా అని అడిగాడు. నేను జవాబు చెప్పే లోపలే, “నో, నో, హి ఈజ్ నాట్ ఎసెన్షియల్,” అని మా నాన్నగారు హామీ ఇచ్చారు.

పోలీసు నన్ను తన కారులో ఇంటి దగ్గర దించాడు. కారు దిగుతుండగా విశ్వవిద్యాలయం మూసివేసినట్లు నా ఫోనుకు సందేశం వచ్చింది.

ఈ ఉదయం మా విభాగం నుంచి ఒక ఉత్తరం వచ్చింది. తప్పిపోయిన తరగతిని, అందులో మిగిలిన యాభై నిమిషాల భాగాన్ని మాత్రమే, వచ్చే శనివారం ఉదయం అదే భవనంలో జరపాలట. శనివారాలు ఆ భవనానికి రోజంతా తాళం వేసి ఉంటుందని తిరిగి రాశాను. కార్డు వెంట తెచ్చుకోమని జవాబు ఇచ్చారు.